చివరి కొళాయికి సారె

మనుషులు ఎదురుపడితే బాగున్నారా అని అడుగుతారు. పిల్లలెట్లా ఉన్నారు, పైరు ఎట్లా ఉంది అంటారు. ఆయన మాత్రం "నీళ్లొస్తా ఉండాయా?" అని అడిగేవాడు. పెళ్లిలో కనిపించినా అదే మాట, చావింటి ముందు కనిపించినా అదే మాట. మా మామగారు పోయిన రోజు పరామర్శకు వచ్చి, మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, చాలాసేపు తల వంచుకొని నిలబడ్డాడు. ఏం ఓదార్పు చెబుతాడోనని అందరూ చూస్తున్నారు. చివరికి మెల్లగా "నీళ్లొస్తా ఉండాయా నాయనా?" అన్నాడు. మా ఆయన ఏడుస్తూనే "వస్తా ఉండాయి సార్" అన్నాడు. ఆయనకు అంతకంటే పెద్ద ఓదార్పు తెలియదు, మాకూ అది చాలింది.

పోయిన వారం నాయుడుపేట బస్టాండులో పెద్దవీధి వెంకమ్మక్క మనవడు కనిపించి, "మన నీళ్ల ఓవర్సీరు పొయినాడంట అవ్వా. బిడ్డల దగ్గరే ఉన్నాడంట, ముసలితనమే, వేరే జబ్బేం లేదంట" అన్నాడు. నెల్లూరు బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. దారి పొడుగునా ఆయన్నే తలుచుకుంటూ వచ్చాను.

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో, అంటే పంతొమ్మిది వందల అరవై వచ్చీ రాని రోజుల్లో, మా ఊరికి కొళాయిలు పడ్డాయి. వాకాడు దారిలో సముద్రపు గాలి తగిలే ఊరు మాది. ఏ బావిలో చేద వేసినా ఉప్పునీళ్లే. స్వర్ణముఖి ఇసుకలో పెద్ద బావి తవ్వి, ఆయిలింజను పెట్టి, ట్యాంకు కట్టి, అక్కణ్ణుంచి ఊళ్లోకి పైపులు వేశారు. ముందు రైతుల ఇళ్లున్న పెద్దవీధి, తర్వాత అంగళ్ల వీధి, అన్నిటికంటే చివర మా దర్జీల వీధి. ఆ వీధిలో ఉన్నవన్నీ మా సాయిబుల ఇళ్లే. చివరి కొళాయి మా ఇంటి ఎదురుగానే ఉండేది. ఆ పైపులు చూసుకోవడానికి పంచాయతీ వాళ్లు పెట్టిన ఓవర్సీరు ఆయన. మద్రాసులో చదివి వచ్చినవాడు. కాకీ నిక్కరు, సైకిలు, గొడుగు. మీసానికి మాత్రం రోజూ నూనె రాసేవాడు. కోపం ముక్కు మీదే ఉండేది. ఆయన నోట ఎక్కువగా వినబడే మాట 'వేస్టు'. కొళాయి కింద కడవ పొంగి పొర్లుతుంటే వేస్టు, ముత్తయిదువులు వాకిట కళ్లాపి ఎక్కువ చల్లితే వేస్టు, మా ఆయన బట్ట కత్తిరించేటప్పుడు ముక్కలు పడితే అదీ వేస్టు.

చుక్క చుక్కగా కారే కొళాయి చప్పుడు వినబడితే ఆయన చేస్తున్న పని చెయ్యలేడు. ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా సరే, మధ్యలో లేచి పోయి కొళాయి బిగించి వచ్చి కూర్చునేవాడు. అప్పట్లో కొళాయి లోపల వేసే వాషర్లు తోలువి. అవి తొందరగా అరిగిపోయేవి, కొత్తవి ఎప్పటికొస్తాయో తెలియదు. అందుకని పాత చెప్పులు సంపాదించి వాటి తోలు గుండ్రంగా కోసి తనే వేసేవాడు. పెళ్లింటి ముందు చెప్పులు విడిచే చోట ఆయన కాసేపు నిలబడి చూశాడంటే చాలు, జనం వెనక్కి వచ్చి తమ చెప్పులు చంకలో పెట్టుకొని లోపలికి పోయేవాళ్లు. ఆయనకది అవమానంగా తోచేది కాదు. "ఆ ఎడమ కాలిది ఇంకా ఆర్నెల్లు నడుస్తాది, తర్వాత నాకియ్యి" అనేవాడు.

ఈ తోలు సంగతి పెద్దవీధికి తెలిసి పెద్ద రభస అయింది. ఆ వీధికి పెద్దదిక్కు వెంకమ్మక్క. ఎత్తయిన మనిషి, గట్టి గొంతు, రెండు జతల ఎద్దుల సేద్యం. "చెప్పు తోలు ముట్టిన నీళ్లతో మేం దేవుడికి నైవేద్యం వండాల్నా? ఏం మనిషివయ్యా నువ్వు?" అని ఆఫీసు ముందే నిలదీసింది. ఆయన కోపంగా గొడుగు తీసుకొని వెళ్లిపోయాడు. తర్వాత సైకిలు షాపుల వెంట తిరిగి పాత ట్యూబులు పోగుచేసి, పెద్దవీధి కొళాయిలన్నిటికీ రబ్బరు వాషర్లు వేశాడు. "ఆమె నమ్మకం ఆమెది. నాకు కావాల్సింది నీళ్లు కారకపోవడం" అన్నాడు మా అత్తమ్మతో. ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఇంకో అలవాటు ఉండేది. ఆయన ఊళ్లో ఎక్కడా నీళ్లు తాగేవాడు కాదు. ట్యాంకు దగ్గర, అంగళ్ల వీధిలో ఎవరు చెంబు చేతికిచ్చినా వద్దనేవాడు. ఎండలో సైకిలు తొక్కుకుంటూ మా వీధి దాకా వచ్చి, చివరి కొళాయి తిప్పి, "అమ్మాయ్, గ్లాసు తే" అని నన్ను పిలిచేవాడు. సగం గ్లాసు పట్టి తాగేవాడు. ఇంకా దప్పికగా ఉంటే మళ్లీ సగం. నిండు గ్లాసు పట్టింది నేను చూడలేదు. "ఈడ తాగితేనే నేను నీళ్లు తాగినట్టు. ట్యాంకు కాడ ఎవడైనా తాగుతాడు" అనేవాడు. సాయిబుల ఇంటి గ్లాసులో తాగుతాడని పైవీధుల్లో కొందరు నొసలు చిట్లించారట. ఆయనకు ఆ సంగతి చేరిందో లేదో, చేరినా ఆయన దాహం ఆగేది కాదు.

ఒక ఏడు ఎండలు ముందే ముదిరాయి. చైత్రమాసంలో ఒక శుక్రవారం పొద్దున వెంకమ్మక్క ఇంటి ముందు వేపచెట్టు కింద, బండ్లు మలుపు తిరిగే చోట, పగుళ్లిచ్చిన నేలలోంచి నీళ్లు ఉబికాయి. వడ్ల బస్తాల బండ్లు తిరిగి తిరిగి కింద పైపు అతుకు వదిలిందని ఓవర్సీరు మాట. పెద్దవీధి మాట వేరు. ఊళ్లో బావులన్నీ అడుగంటిన రోజుల్లో, వాకిలి ఊడ్చే చీపురు కింద చల్లని తేట నీళ్లు ఊరితే మీరైతే ఏమనుకుంటారు? గంగమ్మ తల్లి వెలిసిందన్నారు. రాయి తెచ్చి నిలబెట్టారు. పసుపు రాశారు, బొట్లు పెట్టారు, చుట్టూ వేపమండలు గుచ్చారు. మూడో నాటికి పొంగళ్లు మొదలయ్యాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లు కట్టుకొని రాసాగారు.

మా కొళాయిలో నీళ్లు ముందు సన్నబడ్డాయి. తర్వాత నూలుపోగంత. తర్వాత అదీ లేదు.

నా పెద్దకూతురు అప్పటికి ఇంకా పాకడం నేర్వలేదు. దానికి విరోచనాలు పట్టుకున్నాయి. కాంపౌండరు చూసి, "ఉప్పుబావి నీళ్లు నోట్లో పొయ్యొద్దమ్మా, మంచినీళ్లే కాచి చల్లార్చి పడతా ఉండు. ఒంట్లో నీరంతా పోతా ఉంది, నువ్వు పట్టినంతే దానికి నిలబడతాది" అన్నాడు. మంచినీళ్లు ఎక్కణ్ణుంచి తేవాలి? మా ఆయన కుట్టుమిషను కట్టిపెట్టి ఏటికి పోయి ఇసుకలో చెలమ తీసి కడవ తెచ్చేవాడు. పోయి వచ్చేసరికి పొద్దెక్కిపోయేది. నేను బిడ్డను భుజాన వేసుకొని పెద్దవీధి కొళాయి దగ్గర వరసలో నిలబడేదాన్ని. ఆ వీధి వాళ్లు పట్టుకోవాలి, తర్వాత అంగళ్ల వీధి వాళ్లు, ఆఖర్న మేము. నా వంతు వచ్చేలోపు ట్యాంకు నీళ్లు ఆపేసేవాళ్లు. నేను నిలబడినంతసేపూ పక్కనే వేపచెట్టు కింద నీళ్లు పారుతూనే ఉండేవి. అందులో బిందె ముంచనిచ్చేవాళ్లు కాదు. తీర్థంగా దోసిట్లో పోసేవాళ్లు, అంతే. బిడ్డ కళ్లు గుంటలు పడుతున్నాయి. ఏడుస్తుంది, కన్నీరు రాదు. తల్లినయ్యాక అంత భయం నేను మళ్లీ ఎన్నడూ పడలేదు.

ఓవర్సీరు ఊరుకోలేదు. మొదటి రోజే కూలీలను, గడ్డపారలను వెంటబెట్టుకొని పోయాడు. వెంకమ్మక్క పోయి ఆ రాయి పక్కనే బాసింపట్టు వేసుకొని కూర్చుంది. "ముందు నన్ను తవ్వు" అంది. పంచాయతీ పెద్దలను అడిగితే, అమ్మవారి సంగతిలో మేం చెయ్యి పెట్టం అన్నారు. ఆయన వీధి మధ్యలో నిలబడి అందరినీ తిట్టాడు. పైపు, ప్రెజరు, వేస్టు అంటూ ఏవేవో చెప్పాడు. ఆయన తిట్టే కొద్దీ పొంగళ్లు ఎక్కువయ్యాయి.

ఒక మధ్యాహ్నం మా వీధికి వచ్చాడు. అలవాటుగా కొళాయి తిప్పాడు. గాలి కూడా రాలేదు. గ్లాసు అడగలేదు. మా అరుగు మీద కూర్చొని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నా భుజం మీద బిడ్డను చూసి, "ఏందమ్మా ఇట్టయింది?" అన్నాడు. నేను కాంపౌండరు చెప్పింది చెప్పాను. ఆయన గొడుగు కాళ్ల మధ్య పెట్టుకొని ఆ కొళాయి వైపే చూస్తూ కూర్చున్నాడు.

మా అత్తమ్మ గడపలో కూర్చొని తమలపాకు నములుతోంది. ఆమెకు ఆయన మీద మొదటి నుంచీ విసుగే. "వాళ్లింటికొచ్చిన ఆడబిడ్డను నువ్వు పోయి గడ్డపారతో గెంటుతానంటే వాళ్లు గెంటనిస్తారా అయ్యా? నువ్వెంత సదువుకుంటే ఏముంది. ఆడబిడ్డ యాడికి పోవాల్నో చెప్పి, సారె పెట్టి సాగనంపండమ్మా అని అడగాల. అప్పుడు వాళ్లే పంపిస్తారు" అంది.

ఆయన తువ్వాలు భుజాన వేసుకొని లేచాడు. "బూబమ్మా, ఇదే నేనూ అనుకుంటా ఉండా" అన్నాడు. ఆ ఆలోచన తనదేనని ఆ తర్వాత ఊరంతా చెప్పుకున్నాడు కూడా. మా అత్తమ్మ ఎన్నడూ కాదనలేదు. "పోనీలేమ్మా, ఆయప్పకు మీసమన్నా ఆ మాటన్నా మహా గొప్ప" అని నవ్వేది.

నన్ను బిడ్డతో సహా రమ్మన్నాడు. పెద్దవీధి మొదట్లోనే సైకిలు పెట్టి, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కొని వేపచెట్టు దగ్గరికి నడిచాడు. రాయికి దండం పెట్టాడు. వెంకమ్మక్క అనుమానంగా చూసింది.

"ఏం ఓవర్సీరూ, గడ్డపార యాడ దాచినావు?"

"తేలేదమ్మా. ఒక మాట అడగాలని వొచ్చినా. అమ్మ మీ వాకిట్లో దిగింది. కాళ్లు కడిగినారు, పసుపు రాసినారు, కడుపునిండా పెట్టినారు. బాగుంది. అమ్మ యాడికని బయల్దేరిందో అడిగినారా?"

"యాడికేంది? మా వీధికే."

"కాదమ్మా. ఏట్లో బయల్దేరి దర్జీల వీధికని పోతా ఉంది. వాళ్ల వాకిట్లోనే చివరి కొళాయి. దార్లో ఎండకు అలిసి మీ వేపచెట్టు నీడన కూచుంది. మీరు మర్యాద చేసినారు, వదిలిపెట్టడం మర్చిపొయినారు. ఆడ ఎదురుచూసేవాళ్లు ఉండారు గదా."

వెంకమ్మక్క నావైపు తిరిగింది. దగ్గరికి వచ్చి, నా పైటచెంగు పక్కకు తీసి బిడ్డ మొహం చూసింది. దాని పెదవుల మీద వేలు పెట్టింది.

"ఏందే ఈ బిడ్డ నోరిట్టా ఎండిపొయింది?"

"నీళ్లక్కా. మాకు నీళ్లు రాలా" అన్నాను.

ఆమె ఇంట్లోకి చూసి గట్టిగా కోడలిని పిలిచింది. ముందు కాచి చల్లార్చిన నీళ్లు ఉగ్గుగిన్నెతో తెప్పించి, తన ఒళ్లోకి తీసుకొని బిడ్డ నోట్లో పోసింది. పోస్తూనే వీధిలో వాళ్లకు పనులు పురమాయించింది. "వట్టి చేతుల్తో ఆడబిడ్డను ఎట్టా పంపేది? చలిమిడి చెయ్యండి. పెట్టెలో ఆ పచ్చ చీర తియ్యండి. గాజులు, పసుపు, టెంకాయలు తెండి. పంచాంగం ఏం చూడబళ్లేదు, ఈ పూటే పంపిద్దాం." ఆ మాట విని ఓవర్సీరు గొడుగు చేతిలోంచి జారవిడిచాడు. తీసుకోవడం కూడా మర్చిపోయి ఫిట్టరు కోసం పరిగెత్తాడు.

రాయిని భద్రంగా వేపచెట్టు మొదట్లోకి జరిపారు. ట్యాంకు నీళ్లు ఆపించి, గుంట తవ్వి, నీళ్లు తోడి, అతుకు ఆరబెట్టారు. జనపనార కూరి, సీసం కరిగించి పోశారు. ఆరాక వెంకమ్మక్క గుంటలోకి వంగి ఆ ఇనప పైపు అతుక్కి పెళ్లికూతురికి రాసినట్టు పసుపు రాసి బొట్లు పెట్టింది. "చాల్లేమ్మా, మన్ను కప్పాల" అని ఓవర్సీరు గొణిగాడు. "నీ పని నువ్వు చేసినావు, మా పని మమ్మల్ని చెయ్యనీ" అంది.

పొద్దు వాలుతుండగా సారె కదిలింది. ముందు డప్పులు. నెత్తిన అమ్మవారి నీళ్ల కలశంతో వెంకమ్మక్క, వెనక పళ్లేలతో పెద్దవీధి ఆడవాళ్లు. అమ్మ నడిచిన దారినే నడిపించాలని వాళ్ల పట్టు. భూమిలో పైపు ఎటు పోతుందో తెలిసినవాడు ఆయనొక్కడే. అందుకని పూజారిలాగా అందరికంటే ముందు ఆయన నడిచాడు. గొడుగు మొనతో నేల మీద చూపిస్తూ, "ఈడ మలుపు, ఈడ అంగడి గోడ పక్కన" అంటూ పోతుంటే, ఆడవాళ్లు ఆ జాడ వెంబడే పసుపునీళ్లు చల్లుకుంటూ వచ్చారు. ఊరి మధ్యలో పచ్చటి గీత పడింది. మా వీధి వాళ్లం ఎదురుపోయాం. మా అత్తమ్మ ముసుగు సర్దుకొని, "ఇంటికొచ్చిన ఆడబిడ్డ ఎవరైతే ఏముంది" అంటూ రెండు చేతులా కలశం అందుకుంది.

ట్యాంకు వదలమని మనుషులు వీధి నుంచి వీధికి కేక అందించారు. కొళాయి ముందు దగ్గింది. తుప్పు ఎరుపు కక్కింది. తర్వాత నీళ్లు వచ్చాయి. మా అత్తమ్మ మొదటి బిందె నా చేతికిచ్చి, "పో, పొయ్యి మీద పెట్టు" అంది. నేను తిరిగి వచ్చేసరికి అందరూ వెంకమ్మక్క చేతులు పట్టుకొని, అమ్మవారిని పొగుడుతున్నారు. ఆయన ఒక్కడూ కొళాయి గట్టు పక్కన నిలబడి, "అమ్మాయ్, గ్లాసు తే" అన్నాడు. తెచ్చాను. సగం తాగాడు. మళ్లీ సగం తాగాడు. ఇంకో సగం కూడా తాగాడు. కొళాయి ఎండినన్నాళ్లూ ఎక్కడ తాగాడో, అసలు తాగాడో లేదో నాకు తెలియదు.

ఆ వారంలోనే బిడ్డ తేరుకుంది. కళ్లలో నీళ్లతో ఏడ్చింది. దాని కన్నీళ్లు చూసి నేను నవ్వాను.

ఆ తర్వాత జరిగింది ఆయన కూడా అనుకొని ఉండడు. ఆడబిడ్డకు ఒకసారి సారె పెట్టి ఊరుకుంటే ఎట్లా? ప్రతి ఏటా చైత్రంలో పెద్దవీధి వాళ్లు ఆ పసుపు జాడ వెంట సారె తెచ్చేవాళ్లు. తెచ్చేసరికి మా కొళాయిలో నీళ్లు సన్నగా వస్తే వాళ్లకు తలవంపులు. అందుకని ఏడాది పొడుగునా ఆ దారి కనిపెట్టుకొని ఉండేవాళ్లు. పైపు ఎక్కడుందో ఇప్పుడు ఊరందరికీ తెలుసు. దాని మీద బండి నడిపితే ఆడవాళ్లు కేకలేసేవాళ్లు. ఎక్కడైనా నేల తడి కనిపిస్తే నిమిషాల్లో ఆఫీసుకు కబురు పోయేది. "ఓవర్సీరూ, ఉప్పు అంగడి ముందర అమ్మ కూచుంది, వచ్చి సాగనంపు" అనేవాళ్లు. ఆయన ఫిట్టరును తీసుకొని పోయేవాడు. "నా ఉద్యోగం అంతా వీళ్లే చేస్తా ఉంటే నేనెందుకు వేస్టుగా" అని మా అరుగు మీద కూర్చొని మీసం దువ్వుకునేవాడు. చిన్న ఆకుపచ్చ గౌనులో నా కూతురు పోయి ఆయన గొడుగు లాగేది. దానికి మాత్రం ఆయన నిండు గ్లాసు పట్టి ఇచ్చేవాడు.

అరవైల చివర్లో ఆయనకు చిల్లకూరు వైపు బదిలీ అయింది. పోయేనాడు బస్సు దగ్గరికి రెండు వీధుల ఆడవాళ్లమూ పోయాం. వెంకమ్మక్క చేతిలో చలిమిడి గిన్నె ఉంది.

"ఓవర్సీరూ, తువ్వాలు పట్టు."

"నేనేమన్నా ఆడబిడ్డనా?"

"పట్టమంటా ఉండా గదా."

ఆయన చుట్టూ చూశాడు. కండక్టరు చూస్తున్నాడు, బస్సులో జనం చూస్తున్నారు. భుజం మీది తువ్వాలు తీసి, రెండు కొసలూ చేతులతో పట్టి, ఆడపిల్ల కొంగు పట్టినట్టు ముందుకు చాచాడు. చలిమిడి, టెంకాయ, పసుపు కొమ్ములు పెట్టారు. మా అత్తమ్మ ఒక పాతగుడ్డ మూట తెచ్చి ఆయన సంచిలో వేసింది. అవి మా మామగారి చెప్పులు. ఆయన పోయినప్పటి నుంచి పెట్టె అడుగున దాచుకున్నవి. "మంచి తోలు. కొత్త ఊళ్లో వాషర్లకు పనికొస్తాది" అంది.

ఆయన మీసం అదిరింది. నాకైతే ఇక ఆగలేదు, అక్కడే ఏడ్చేశాను. ఆయన బస్సు మెట్టెక్కి, వెనక్కి తిరిగి, ఆ పాత కోపం గొంతులోకి తెచ్చుకొని అన్నాడు: "ఏడవొద్దమ్మా. ఉప్పునీళ్లయినా వేస్టు వేస్టే."

ఏడుస్తున్న వాళ్లమంతా నవ్వాం. ఆ నవ్వులోనే బస్సు పోయింది.

పోయిన వారం నెల్లూరు చేరేసరికి చీకటి పడబోతోంది. నా కూతురు తలుపు తీసింది. ఇప్పుడు దానికి మనవరాలు ఉంది. నా మొహం చూసి ఏమీ అడగకుండా లోపలికి పోయి, కొళాయి తిప్పి, గ్లాసుతో నీళ్లు తెచ్చింది. నిండు గ్లాసు. వెనక్కి పోయి కొళాయి గట్టిగా కట్టిన చప్పుడు వినబడింది. ఆయన చెప్పిన మాట ఇన్నేళ్లలో నేనెన్నడూ దాటలేదు. ఆ పూట మాత్రం వినలేదు. ఆ గ్లాసు చేతిలో పట్టుకొని, ఉప్పునీళ్లు కావలసినన్ని వేస్టు చేశాను.